శ్రీకాకుళం రోడ్ ఒక పేరా, రెండు పేర్లా? డిపెండెన్సీ ఫైళ్లలో ఎస్కేపింగ్ చిక్కుముడి

మా అక్క కొడుకు విజయనగరంలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. మొన్న రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "మావయ్యా, హెడర్ ఫైల్లో టైము మార్సినా పాత టైమే సూపిస్తంది. ఒక్కోపాలి మాత్రం కరెస్టుగా వస్తంది. ఏటో అర్థం కాట్లేదు."

ప్రాజెక్టు చిన్నదే. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్ దాకా రైలు వేళలు చూపించే సి ప్రోగ్రాం. ఒక్కో స్టేషన్‌కు ఒక్కో హెడర్ ఫైలు (సి ప్రోగ్రాం తనలో కలుపుకుని చదివే చిన్న ఫైలు) పెట్టాడు: నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు. విజయనగరంలో రెండో ప్లాట్‌ఫారానికి వేరే ఫైలు, పేరు "విజయనగరం#2". చివరి స్టేషన్‌కు "శ్రీకాకుళం రోడ్", మధ్యలో స్పేస్‌తో.

బయటి ఊళ్ల వాళ్లకు ఒక మాట. శ్రీకాకుళం రోడ్ అంటే శ్రీకాకుళం కాదు, రోడ్డూ కాదు. అది ఆమదాలవలసలో ఉన్న రైల్వే స్టేషన్. రెండు మాటలు కలిసి ఒకే పేరు. ఆ సంగతి తెలియక దిగాక "ఊరేదీ?" అని వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మావాడి కంప్యూటర్‌కు వచ్చిన తంటా కూడా సరిగ్గా ఇలాంటిదే. కాకపోతే అది కనిపించడానికి ముందు ఇంకో తంటా దాన్ని కప్పేసింది. ఆ కథకు వచ్చే ముందు పునాది వేసుకోవాలి.

(ఇక్కడి ఉదాహరణల్లో ఫైలు పేర్లు, ఎక్స్‌టెన్షన్లు, ఆప్షన్లు అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. గుర్తులు మాత్రం కంప్యూటర్‌లో ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి.)

డిపెండెన్సీ ఫైలు ఎందుకు పుట్టింది

ఒక సి ఫైలు పది హెడర్లను ఇన్‌క్లూడ్ చేస్తుంది. అందులో ఒక్క హెడర్ మారినా ఆ సి ఫైలును మళ్లీ కంపైల్ చేయాలి, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. ఏదీ మారకపోతే చేయనక్కర్లేదు. ఈ లెక్క చూసుకునే పాత పనివాడు "మేక్". దీన్ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. మేక్‌కు మనం ఒక నియమం ఇస్తాం:

రైలు.ఓ: రైలు.సి నెల్లిమర్ల.హెచ్ పొందూరు.హెచ్

కోలన్‌కు ఎడమ పక్కన ఉన్నది టార్గెట్, అంటే తయారు కావలసిన వస్తువు. కుడి పక్కన ఉన్నవి దానికి కావలసిన సరుకులు. సరుకుల్లో ఏ ఒక్కటి టార్గెట్ కంటే కొత్తదైనా మేక్ మళ్లీ కంపైల్ చేయిస్తుంది.

ఈ వరసను చేత్తో రాస్తే నాలుగు రోజుల్లో తప్పులతడక అవుతుంది. ఇవాళ ఒక హెడర్ కలుపుతాం, నియమంలో రాయడం మరిచిపోతాం. నిజానికి ఏ ఫైలు ఏ హెడర్‌ను తెరిచిందో అందరికంటే బాగా తెలిసినది కంపైలర్‌కే, తెరిచింది అదే కాబట్టి. అందుకే జీసీసీ అనే సి కంపైలర్‌లో "-ఎంఎండి" లాంటి ఆప్షన్లు వచ్చాయి. కంపైల్ చేస్తూనే, తను తెరిచిన ఫైళ్ల జాబితాను పైన చూపిన రూపంలో ఒక చిన్న ఫైలుగా రాసి పెడుతుంది. దాని పేరు సాధారణంగా రైలు.డి. మేక్ మరుసటిసారి దాన్ని తనలో కలుపుకుని చదువుతుంది. డిపెండెన్సీ ఫైలంటే ఇదే.

ఇక్కడే ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. ఇది చూడ్డానికి జాబితా. కానీ మేక్ దీన్ని జాబితాగా చదవదు, తన భాషలో రాసిన ప్రోగ్రాం ముక్కగా చదువుతుంది. ఆ భాషలో కొన్ని గుర్తులకు సొంత అర్థాలున్నాయి. స్పేస్ ఒక పేరుకూ ఇంకో పేరుకూ మధ్య గోడ. హ్యాష్ వస్తే అక్కడి నుంచి వ్యాఖ్య, దాన్ని చదవనక్కర్లేదు. డాలర్ వస్తే వేరియబుల్ మొదలు. కోలన్ వస్తే టార్గెట్ అయిపోయింది. లైను చివర బ్యాక్‌స్లాష్ ఉంటే లైను ఇంకా అవలేదు.

అటు లైనక్స్‌లో ఫైలు పేరులో ఏమైనా ఉండొచ్చు, రెండు తప్ప: ఒకటి ఫోల్డర్లను విడదీసే ముందుకు వాలిన గీత, రెండోది సున్నా బైటు. అంటే స్పేస్, హ్యాష్, డాలర్, కోలన్, చివరికి కొత్త లైను గుర్తు కూడా పేరులో ఉండొచ్చు. పేరులో భాగంగా వచ్చిన గుర్తును "ఇది గోడ కాదు, వ్యాఖ్య కాదు, పేరులోని అక్షరమే" అని మేక్‌కు చెప్పడానికి ముందు ఇంకో గుర్తు పెట్టడమే ఎస్కేపింగ్.

మావాడి ప్రాజెక్టులో జరిగింది

వాడు కంపైలర్ ఆప్షన్ వాడలేదు. ఎక్కడో దొరికిన పదిహేను లైన్ల పైథాన్ స్క్రిప్టు ఇన్‌క్లూడ్ లైన్లను వెతికి డిపెండెన్సీ ఫైలు రాస్తోంది. ఎస్కేపింగ్ అన్న ఊసే లేదు. అది రాసింది ఇది (వరస పొడుగవకుండా గరివిడి, చీపురుపల్లి వదిలేశాను):

రైలు.ఓ: రైలు.సి నెల్లిమర్ల.హెచ్ విజయనగరం#2.హెచ్ పొందూరు.హెచ్ శ్రీకాకుళం రోడ్.హెచ్

మనిషి కళ్లకు ఇందులో తప్పేమీ లేదు. మేక్ కళ్లతో చూడండి. హ్యాష్ కనబడగానే మిగతాదంతా వ్యాఖ్య. దానికి మిగిలింది:

రైలు.ఓ: రైలు.సి నెల్లిమర్ల.హెచ్ విజయనగరం

పొందూరు పోయింది, శ్రీకాకుళం రోడ్ పోయింది. కాబట్టి పొందూరు వేళలు ఎన్నిసార్లు మార్చినా మేక్‌కు పట్టదు, పాత ప్రోగ్రామే నడుస్తుంది. మరి "విజయనగరం" అనే ఫైలు లేదు కదా, ఎర్రర్ రావాలి కదా? రావాల్సిందే. కానీ ఆ ఫోల్డర్లోనే "విజయనగరం" పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంది. కోట, గంటస్తంభం, స్టేషన్ ఫొటోలు అందులో వేసుకుంటున్నాడు. మేక్‌కు ఫోల్డర్ అయినా ఫైలు అయినా ఒకటే, పేరు దొరికితే చాలు. దాని తేదీ చూసుకుని ఊరుకుంది.

"ఒక్కోపాలి కరెస్టుగా వస్తంది" అన్నది గుర్తుందా? ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెడితే ఆ ఫోల్డర్ తేదీ మారుతుంది. వాడు ఫొటో వేసిన రోజున మేక్ "విజయనగరం కొత్తదైంది" అనుకుని మళ్లీ కంపైల్ చేసేది, సరైన వేళలు వచ్చేవి. ఫొటో వేయని రోజున పాతవి. ఫోన్‌లో ఇది పట్టుకోవడానికి నాకు ముప్పావుగంట పట్టింది. నవ్వు మాత్రం ఇంకా ఆగలేదు.

హ్యాష్ తీసేసి ఫైలు పేరు "విజయనగరం2" అని మార్చాడు. వెంటనే ఎర్రర్ వచ్చింది: "శ్రీకాకుళం" అనే టార్గెట్‌ను తయారు చేయడానికి నియమమేదీ లేదు. హ్యాష్ ఇన్నాళ్లూ వ్యాఖ్యలో దాచిపెట్టిన రెండో తప్పు ఇప్పుడు బయటపడింది. స్పేస్ దగ్గర పేరు రెండు ముక్కలైంది. శ్రీకాకుళం ఒకటి, రోడ్.హెచ్ ఒకటి, రెండూ లేనివే.

ఈ రెండు తప్పుల స్వభావంలో తేడా ఉంది. స్పేస్ తప్పు గోల చేస్తుంది, బిల్డ్ (ప్రోగ్రాం తయారీ) ఆగిపోతుంది, మనం వెతుకుతాం. హ్యాష్ తప్పు నోరు మెదపదు. పైగా జాబితా పొడుగై కంపైలర్ దాన్ని బ్యాక్‌స్లాష్‌తో తర్వాతి లైన్లకు పొడిగించి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. మేక్‌లో వ్యాఖ్య కూడా లైను చివరి బ్యాక్‌స్లాష్‌తో తర్వాతి లైనుకు పాకుతుంది. జీసీసీ సుమారు 72 అక్షరాలకు ఒకసారి లైను విరుస్తుంది కాబట్టి, పెద్ద ప్రాజెక్టులో ఎస్కేప్ కాని ఒక్క హ్యాష్ ఇరవై లైన్ల హెడర్లను మింగేయగలదు.

కంపైలర్ స్వయంగా రాస్తే

స్క్రిప్టు తీసేసి జీసీసీకి "-ఎంఎండి -ఎంపి" ఇచ్చి, పాత పేర్లే తిరిగి పెట్టి చూశాం. వచ్చింది ఇలా:

రైలు.ఓ: రైలు.సి నెల్లిమర్ల.హెచ్ విజయనగరం\#2.హెచ్ పొందూరు.హెచ్ శ్రీకాకుళం\ రోడ్.హెచ్

స్పేస్ ముందు ఒక బ్యాక్‌స్లాష్, హ్యాష్ ముందు ఒక బ్యాక్‌స్లాష్. గ్నూ మేక్ (లైనక్స్‌లో మామూలుగా ఉండే మేక్) దీన్ని సరిగ్గా ఐదు పేర్లుగా చదివింది. డాలర్‌ది వేరే పద్ధతి. మేక్ భాషలో డాలర్‌ను డాలరే కాస్తుంది, కాబట్టి పేరులో ఒక $ ఉంటే ఫైలులో $$ అని పడుతుంది. ("-ఎంపి" చేసే పని ఇంకొకటి. ప్రతి హెడర్‌కు ఒక ఖాళీ నియమం కలుపుతుంది. రేపు ఆ హెడర్‌ను తీసేస్తే మేక్ "నియమం లేదు" అని ఆగిపోకుండా.)

టార్గెట్ పేరు విషయంలో జీసీసీ రెండు దారులు ఉంచింది. "-ఎంటి" ఇస్తే మనం ఇచ్చిన పేరును ఉన్నదున్నట్టు రాస్తుంది. "-ఎంక్యూ" ఇస్తే మేక్‌కు ప్రత్యేకమైన గుర్తులన్నిటినీ ఎస్కేప్ చేసి రాస్తుంది. ఉదాహరణకు రెండింటికీ $(బిల్డ్)/రైలు.ఓ అని ఇచ్చామనుకోండి. "-ఎంటి" రాసేది:

$(బిల్డ్)/రైలు.ఓ: రైలు.సి

మేక్ చదివేటప్పుడు బిల్డ్ అనే వేరియబుల్ విలువ అక్కడికి వస్తుంది. "-ఎంక్యూ" రాసేది:

$$(బిల్డ్)/రైలు.ఓ: రైలు.సి

ఇప్పుడది వేరియబుల్ కాదు, డాలర్‌తో మొదలయ్యే ఒక వింత ఫైలు పేరు. ఏది ఒప్పు అన్నది మీ ఉద్దేశం మీద ఉంది. మేక్‌ఫైల్‌లో వేరియబుల్‌గానే ఉండాలనుకుంటే మొదటిది, అసలు ఫైలు పేరు ఇస్తున్నామంటే రెండోది. మనం ఏమీ ఇవ్వకపోతే కంపైలర్ తనంతట తాను పెట్టే టార్గెట్‌కు రెండో పద్ధతే వాడుతుంది.

బ్యాక్‌స్లాష్ దగ్గర ముడి బిగుసుకుంటుంది

స్పేస్‌ను కాపాడేది బ్యాక్‌స్లాష్ అయితే, పేరులోనే బ్యాక్‌స్లాష్ ఉంటే? విండోస్‌లో ఇది రోజూ ఉండేదే, ఫోల్డర్ల మధ్య గీత అదే కాబట్టి.

చాలా భాషల్లో జవాబు సులువు: ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండు చేసేయ్. మేక్‌లో అలా కాదు. జీసీసీ సోర్స్ కోడ్‌లోనే దీన్ని వింత పద్ధతి అని రాసుకున్నారు. నియమం ఇది: స్పేస్ ముందు బేసి సంఖ్యలో బ్యాక్‌స్లాష్‌లు ఉంటే, చివరిది స్పేస్‌ను కాపాడేది, మిగిలినవి జంటకు ఒకటిగా లెక్క. సరి సంఖ్యలో ఉంటే అన్నీ జంటకు ఒకటిగా లెక్క, ఆ స్పేస్ మామూలు గోడే. స్పేస్ పక్కన లేని బ్యాక్‌స్లాష్‌లను రెండు చేయకూడదు, ఉన్నదున్నట్టు వదిలేయాలి.

లెక్క వేసి చూద్దాం.

అ\ ఆ — ఒక బ్యాక్‌స్లాష్. పేరు ఒకటే: అ, స్పేస్, ఆ.

అ\\ ఆ — రెండు. మొదటి పేరు "అ\", అక్కడితో ఆగింది. రెండో పేరు "ఆ".

అ\\\ ఆ — మూడు. మళ్లీ ఒకటే పేరు: అ, ఒక బ్యాక్‌స్లాష్, స్పేస్, ఆ.

అ\ఆ — పక్కన స్పేస్ లేదు. పేరు అలాగే, ఒక్క బ్యాక్‌స్లాష్‌తో.

ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ ఎందుకు రెండు చేయరు? ఎందుకంటే డిపెండెన్సీ ఫైలు చదివేది గ్నూ మేక్ ఒక్కటే కాదు. బీఎస్‌డీ యూనిక్స్‌లతో వచ్చే బీఎస్‌డీ మేక్ కూడా ఉంది. కంపైలర్లు రాసినవాళ్ల లెక్కలో దానికి ఎస్కేపింగ్ అనేదే తెలియదు. పేరులో స్పేస్, హ్యాష్ ఉంటే అది చేతులెత్తేస్తుంది. బ్యాక్‌స్లాష్ ఉంటే మాత్రం మామూలు అక్షరంలా చదువుతుంది. కాబట్టి బ్యాక్‌స్లాష్‌ను ఒక్కటిగా ఉంచితే బీఎస్‌డీ మేక్‌కు నచ్చుతుంది. గ్నూ మేక్ దగ్గర ఒక వెసులుబాటు ఉంది. ఎస్కేప్‌లు విప్పిన పేరుతో ఫైలు దొరక్కపోతే, విప్పని అసలు రూపంతో ఇంకోసారి వెతుకుతుంది. స్పేస్, హ్యాష్ ఎలాగూ బీఎస్‌డీకి కుదరవు కాబట్టి వాటిని గ్నూ పద్ధతిలో ఎస్కేప్ చేస్తే నష్టమేమీ లేదు. ఇద్దరు అత్తల మధ్య కోడలిలా నెగ్గుకొచ్చే ఏర్పాటు.

ఇలాంటి రాజీల్లో ఏదో మూల చిరుగుతుంది. బ్యాక్‌స్లాష్ వెంటనే హ్యాష్ వచ్చే పేరు చూడండి: అ\#ఆ.హెచ్. జీసీసీ స్పేస్ ముందున్న బ్యాక్‌స్లాష్‌లను రెండు చేస్తుంది గానీ హ్యాష్ ముందున్నవాటిని చేయదు. హ్యాష్‌కు ఒకటి మాత్రం కలిపి రాస్తుంది:

అ\\#ఆ.హెచ్

గ్నూ మేక్ ఆ రెండింటినీ ఒక బ్యాక్‌స్లాష్‌గా లెక్కేసి, హ్యాష్ నుంచి వ్యాఖ్య అనుకుంటుంది. అసలు ఫైలు ఎప్పటికీ దొరకదు. క్లాంగ్ కంపైలర్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. తమ సోర్స్‌లో పెద్ద వ్యాఖ్యగా వివరంగా రాసుకున్నారు కూడా. రాసి, తెలిసీ జీసీసీ చేసినట్టే చేశారు, గ్నూ మేక్ కోరినట్టు కాదు. రెండు కంపైలర్లు రెండు రకాలుగా రాయడం కంటే ఇద్దరూ ఒకే తప్పు చేయడం మేలని వాళ్ల లెక్క. నాకు మొదట చిరాకేసింది. కానీ అలాంటి పేరున్న ఫైలును నా జీవితంలో చూడలేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

విండోస్‌లో ఎన్‌మేక్, జోమ్ అనే పనివాళ్లు వేరు. వాళ్లకు బ్యాక్‌స్లాష్ కాపు పనికిరాదు, పేరు మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. దానికోసం క్లాంగ్ "-ఎంవి" అని ప్రత్యేక ఆప్షన్ ఇచ్చింది.

కోలన్, శాతం, చదరపు బ్రాకెట్లు

వీటిని త్వరగా దాటేద్దాం. కోలన్ టార్గెట్‌కూ సరుకులకూ మధ్య గీత. ఒకే నియమంలో రెండో కోలన్ వస్తే మేక్ దాన్ని వేరే రకం నియమంగా చదువుతుంది. పదిన్నర బండికి "10:30.హెచ్" అని పేరు పెడితే, ప్యాటర్న్‌ల గురించి ఏమాత్రం సంబంధం లేనట్టు కనిపించే ఎర్రర్ వస్తుంది. విండోస్‌లో డ్రైవ్ అక్షరం తర్వాత కోలన్ తప్పదు కాబట్టి అక్కడి గ్నూ మేక్ దానికి మినహాయింపు ఇస్తుంది.

చదరపు బ్రాకెట్లది ఇంకో తమాషా. మేక్ వాటిని వైల్డ్‌కార్డ్‌గా, అంటే వేర్వేరు పేర్లకు సరిపోయే గుర్తుగా చూస్తుంది. "గది[1].హెచ్" అని ఉంటే ముందు "గది1.హెచ్" కోసం వెతుకుతుంది, దొరికితే దాన్నే పట్టుకుంటుంది. దొరక్కపోతేనే బ్రాకెట్లతో ఉన్న అసలు పేరు. అంటే ఇవాళ పనిచేసే బిల్డ్ రేపు ఎవరో పక్కన గది1 అనే ఫైలు పెడితే తప్పుదారి పడుతుంది. శాతం గుర్తు టార్గెట్‌లో ఉంటే ప్యాటర్న్ నియమం (ఒకే అచ్చుతో చాలా ఫైళ్లకు వర్తించేది) అవుతుంది, సరుకుల పక్క మామూలు నియమంలో ఉంటే మామూలు అక్షరమే.

పేరులో కొత్త లైను గుర్తు ఉంటే ఈ రూపంలో రాసే దారే లేదు.

డిపెండెన్సీ ఫైలు సరిగా ఉన్నా బిల్డ్ ఎందుకు విరుగుతుంది

చాలామంది ఇక్కడ పొరబడతారు. "కంపైలర్ సరిగ్గానే ఎస్కేప్ చేసింది కదా, మళ్లీ ఎర్రర్ ఏంటి?" అని. ఎస్కేప్ అన్నది ఒక గడప దాటడానికి ఇచ్చిన చీటీ. ఆ గడప దాటగానే చీటీ చెల్లదు. ఒక ఫైలు పేరు బిల్డ్‌లో కనీసం మూడు గడపలు దాటాలి.

మొదటిది నియమం లైను. అక్కడ \ తో పని జరుగుతుంది. రెండోది మేక్ లోపలి జాబితాలు. వైల్డ్‌కార్డ్, ఫిల్టర్, ఎక్స్‌టెన్షన్ మార్చే ఫంక్షన్లు పేర్లను స్పేస్‌తో విడదీస్తాయి, అక్కడ బ్యాక్‌స్లాష్ కాపు పనిచేయదు. మూడోది షెల్, అంటే కమాండ్లను నడిపించే ప్రోగ్రాం. నియమం కింద కమాండ్‌లో $< అని రాస్తాం, అంటే మొదటి సరుకు పేరు. మేక్ అప్పటికే బ్యాక్‌స్లాష్ విప్పేసి ఉంటుంది, షెల్‌కు చేరేది మామూలు స్పేస్.

మావాడు ధైర్యం వచ్చి సి ఫైలు పేరు కూడా "శ్రీకాకుళం రోడ్.సి" అని మార్చాడు. నియమం సరిగ్గా చదివింది. కమాండ్‌లో మాత్రం కంపైలర్‌కు రెండు ఫైళ్లు అందాయి, రెండూ లేవంది. "$<" అని కోట్స్‌లో పెడితే ఆ గడప దాటింది. తర్వాత సి ఫైళ్లన్నిటినీ వెతికే జాబితా లైను దగ్గర మళ్లీ రెండు ముక్కలైంది. అక్కడ కోట్స్ పెట్టినా లాభం లేదు.

తప్పు ఎవరిది

దీని మీద మూడు వాదాలున్నాయి, మూడింటికీ బలం ఉంది.

పాతకాపుల మాట: ఫైలు పేర్లలో స్పేస్‌లు, హ్యాష్‌లు పెట్టొద్దు, పీడా పోయె. అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ చాలు. ఆచరణలో ఇది అందరికంటే సుఖమైన దారి. కానీ పేరు పెట్టే అధికారం ప్రోగ్రామర్‌కు ఎప్పుడూ ఉండదు. విండోస్‌లో యూజర్ పేరు ఇంటిపేరుతో కలిపి రెండు ముక్కలుగా ఉంటే ఆ స్పేస్ ప్రతి పాత్‌లోకీ వస్తుంది. ఆఫీసు ఖాతాతో వన్‌డ్రైవ్ పెట్టుకుంటే ఆ ఫోల్డర్ పేరులోనే స్పేస్‌లు, మధ్యలో గీతా ఉంటాయి.

రెండోది: కంపైలర్లు గ్నూ మేక్ నియమాన్ని అక్షరాలా పాటించాలి. వినడానికి న్యాయమే. అయితే డిపెండెన్సీ ఫైలు రూపానికి ఎవరూ రాసిన ప్రమాణం లేదు. మేక్ చదవగలిగేది ఏదైనా అదే రూపం అనుకుంటూ వచ్చారు. కంపైలర్‌కు తను రాసింది ఎవరు చదువుతారో తెలియదు. ఒక చదువరికి ఒప్పుగా రాస్తే ఇంకొకరికి తప్పవుతుంది. రస్ట్ కంపైలర్ ఇంకా పొదుపు, డిపెండెన్సీ ఫైలులో స్పేస్‌లను మాత్రమే ఎస్కేప్ చేస్తుంది.

చదివేవాళ్లలోనూ ఏకాభిప్రాయం లేదు. గూగుల్‌లో క్రోమ్ కోసం ఎవాన్ మార్టిన్ మొదలుపెట్టిన నింజా అనే బిల్డ్ పనిముట్టు మేక్ భాష మొత్తాన్ని నేర్చుకోలేదు. జీసీసీ, క్లాంగ్ ఏం రాస్తాయో చూసి అంతవరకే నేర్చుకుంది. ఫలితంగా పైన చూపిన అ\\ ఆ దగ్గర గ్నూ మేక్‌కు మొదటి పేరు చివర ఒక బ్యాక్‌స్లాష్, నింజాకు రెండు. ఎవరిది ఒప్పు అని అడిగితే జవాబు లేదు. ఒప్పందం రాయనప్పుడు ఉల్లంఘన ఎక్కడిది?

మూడో వాదం: మేక్ రూపాన్నే వదిలేద్దాం. మైక్రోసాఫ్ట్ కంపైలర్ మొదటి నుంచీ ఈ రూపం రాయలేదు. తెరిచిన ప్రతి హెడర్‌కు తెర మీద ఒక వాక్యం వేసేది. ఆ వాక్యం కంపైలర్ భాషను బట్టి జర్మన్‌లోనో జపనీస్‌లోనో వస్తుంది కాబట్టి, నింజాకు "మీ కంపైలర్ ఆ వాక్యాన్ని ఎలా మొదలుపెడుతుంది" అని చెప్పడానికి ఒక సెట్టింగే పెట్టాల్సి వచ్చింది. తర్వాత విజువల్ స్టూడియో 2019 కాలంలో జేసన్ అనే డేటా రూపంలో రాసే ఆప్షన్ వచ్చింది. సి++ మాడ్యూళ్ల డిపెండెన్సీలకు కూడా పి1689 అనే ప్రతిపాదన జేసన్‌నే ఎంచుకుంది, జీసీసీ 14 దాన్ని రాయగలదు. జేసన్‌లో కోట్స్, బ్యాక్‌స్లాష్ ఎలా రాయాలో ఒక్కటే నియమం, అందరిదీ అదే. నా ఓటు దీనికే. చిక్కు లేకపోలేదు. జేసన్ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) కోరుతుంది, లైనక్స్‌లో ఫైలు పేరు అంటే ఏ బైట్లైనా కావచ్చు. యూటీఎఫ్-8 కాని పేరు వస్తే జేసన్‌లోనూ నేరుగా రాయలేం.

తెలుగు అక్షరాలతో ఇబ్బందేమైనా ఉందా

"అసలు తెలుగులో పేర్లు పెట్టడం వల్లేనా మావయ్యా ఇదంతా?" అని వాడు అడిగాడు. కాదు. మేక్ భయపడే గుర్తులన్నీ 128 కంటే చిన్న బైట్లు: స్పేస్ 32, హ్యాష్ 35, డాలర్ 36, కోలన్ 58, బ్యాక్‌స్లాష్ 92. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు, మూడూ 128 గానీ అంతకంటే పెద్దవి గానీ. కాబట్టి మన అక్షరం లోపల పొరపాటున హ్యాష్ దూరే అవకాశమే లేదు. జపనీయుల పాత షిఫ్ట్-జిస్ సంకేతంలో ఈ రక్షణ లేదు. అక్కడ కొన్ని అక్షరాల రెండో బైటు 92, అంటే సాక్షాత్తూ బ్యాక్‌స్లాష్.

తెలుగుకు ఉన్న చిక్కు వేరే ఉంది, దానికి ఎస్కేపింగ్‌తో సంబంధం లేదు. "ప్లాట్‌ఫారం" అని టైప్ చేసినప్పుడు ట్, ఫా కలిసిపోకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కనపడని ఒక గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు. అది కూడా మూడు బైట్లే, అదీ 128 పైనే, మేక్ దాని జోలికి పోదు. కానీ ఇన్‌క్లూడ్ లైను ఫోన్‌లో టైప్ చేసి, ఫైలు పేరు ల్యాప్‌టాప్‌లో పెట్టారనుకోండి. కొన్ని ఫాంట్లలో రెండు పేర్లకూ తేడా కంటికి ఆనదు. ఫైలు ఎదురుగా ఉన్నా కంపైలర్ "లేదు" అంటుంది. మావాడికి వారం తర్వాత అదే జరిగింది. ఈసారి నాకు ఫోన్ చేయలేదు. రెండు పేర్లనూ బైట్లుగా తీసి పక్కపక్కన పెట్టి, ఒకదానిలో మూడు ఎక్కువ ఉన్నాయని వాడే లెక్కపెట్టుకున్నాడు.